ఉప్పు చూసే మనిషి

రంజాన్ నెల వచ్చిందంటే కువైట్ రుమైథియాలోని ఆ ఇంట్లో ఉప్పు చూసే పని వెంకటేశ్వరిది. పై అంతస్తులో ఉండే ఎనభై దాటిన ముసలమ్మనూ, బడికి పోయే ఇద్దరు చిన్నపిల్లలనూ తీసేస్తే ఇంట్లో అందరూ రోజా ఉండేవాళ్ళే. ఇంటి యజమానురాలు మామా, ఆమె భర్త, కాలేజీకి పోయే వాళ్ళ పెద్దకూతురు, పిల్లల్ని చూసుకునే రాయచోటి అమీనా బీ, ఎవరూ సాయంత్రం బాంగు వినిపించేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. పగలు ఏదైనా నోట్లో వేసుకోగలిగింది వంట చేసే వెంకటేశ్వరి, కారు నడిపే ఆమె మొగుడు పెంచల్ మాత్రమే. పెంచల్ వంటింటి గడప తొక్కడు. అందుకని ఏ గిన్నె దించాలన్నా ముందు వెంకటేశ్వరి గరిటె కొసన కాస్త తీసుకుని నాలుక మీద వేసుకోవాలి. ఆమె తల ఊపితే వంట అయినట్టు.

ఆరేళ్ళుగా అదే నడుస్తోంది. సంబేపల్లె నుంచి వచ్చిన కొత్తలో ఆమెకు రాగి సంగటి, పప్పు, ఊరిబిండి తప్ప మరేమీ చేయడం రాదు. గోధుమలూ మాంసమూ గంటల తరబడి ఉడికించి గుజ్జుగా ఎనిపే హరీస్, గోధుమ నూకతో చేసే జరీష్, రొట్టెముక్కల మీద మాంసం పులుసు పోసే తష్రీబ్, అన్నీ ఈ ఇంట్లోనే నేర్చుకుంది. రెండో ఏడాదికే మామా అక్కచెల్లెళ్ళు ఫోన్లు చేసి ఆమె హరీస్ పంపమని అడిగేవాళ్ళు. వెంకటేశ్వరి అనే పేరు మామాకు నోరు తిరగదు. "మా ఇష్రీ నాలుక తప్పు చెప్పదు" అని వచ్చినవాళ్ళందరి ముందూ అనేది. ఆ మాట విన్నప్పుడల్లా వెంకటేశ్వరికి పరాయి ఇంట్లో పనిచేస్తున్నట్టే అనిపించేది కాదు.

ఈ ఏడు మాత్రం నెలవంక కనిపించిందని టీవీలో చెప్పిన సాయంత్రం ఆమె ఆ నెలంతా దించాల్సిన గిన్నెలు లెక్కపెట్టుకుంది. గోధుమ తన ఒంటికి విషమని తెలిసి అప్పటికి ఆరు నెలలు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, మొగుడికీ అమీనా బీకీ తప్ప.

ఆ జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. కువైట్ వచ్చిన రెండో ఏడాది నుంచీ కడుపు ఉబ్బరం, నీళ్ళ విరేచనాలు, నోట్లో పుళ్ళు. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చేది. రక్తం తక్కువుందని ఎన్ని ఐరన్ బిళ్ళలు మింగినా ఎక్కేది కాదు. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ మూడో నెలలో పోయింది. రెండోసారి రక్తం ఆగకపోతే మామాయే కారులో వెనక సీట్లో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. కిందటి ఆగస్టులో సెలవుకు ఊరికి పోయినప్పుడు, తిరుపతిలో ఒక పెద్ద డాక్టరు గొంతులోంచి గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. సీలియాక్ అన్నాడు. గోధుమ, బార్లీ లాంటి వాటిలో ఉండే జిగురును ఆమె పేగు ఓర్చుకోలేదట. ఆ జిగురు పడినప్పుడల్లా ఒళ్ళు తన పేగును తానే కొరుక్కుంటుందట. మందు లేదు. బతికినంత కాలం గోధుమ ముట్టకూడదు.

"సంగటి తిని బతికేదానివి, నీకీ గోదుమ జబ్బు యాడిది?" అన్నాడు పెంచల్ ఆసుపత్రి మెట్లు దిగుతూ. విసుక్కోలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. ఆమెకు మాత్రం ఏం తెలుసు. ఆ ఇంట్లో పొద్దున రొట్టె, రాత్రి మిగిలిన రొట్టె. ఆరేళ్ళు అదే తిన్నది.

తిరిగి కువైట్ విమానం ఎక్కేముందు పెంచల్ ఒకటే మాట చెప్పాడు. "మామాకు చెప్పొద్దు. ఇంతకు ముందు నేను పనిచేసిన యజమాని ఇంట్లో ఒకామెకు దగ్గుంటే, ఏం జబ్బో కూడా అడగలే. వారంలో ఖలాస్, అయిపోయింది పో అని విమానం ఎక్కించి పంపిచ్చినారు. నిన్ను పంపితే నన్నూ పంపుతారు. గమ్మునుండు."

గమ్మున ఉంది. ఇంటి ముందరి డ్రైవరు గదిలో తనకని ఒక చిన్న కుక్కరు పెట్టుకుంది. ఊరి నుంచి తెచ్చుకున్న రాగిపిండి, బియ్యం. వంటింట్లో పిండి పిసికేటప్పుడు మూతికి మాస్కు కట్టుకుని, మామా అడిగితే తుమ్ములని చెప్పింది. పిసికిన చేతులు మోచేతుల దాకా కడుక్కునేది. రొట్టె కాల్చిన పెనం మీద తనకంటూ ఏదీ వేసుకునేది కాదు. అయినా మధ్య మధ్య కడుపు తిరగబడేది, ముఖ్యంగా శనివారాలు. ఎందుకో రెండు నెలలు తెలియలేదు. సెలవుపూట శుక్రవారం పెంచల్ గదిలో తనే పప్పు చేసి, ఇంగువ ధారాళంగా వేసి తాలింపు పెట్టి భార్యకు వడ్డించేవాడు. అబూ హలీఫాలో ఒక చిన్న క్లినిక్‌లో రేష్మా అని హైదరాబాదు డాక్టరమ్మ ఉంది. "మీరు వంటకు వాడే ప్రతి డబ్బా మీదా రాసింది చదవండి" అని ఆమె చెప్పాక, పెంచల్ ఒక సాయంత్రం కూర్చుని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. ఇంగువ డబ్బా దగ్గర ఆగిపోయాడు. అందులో సగం గోధుమపిండే.

"నా చేత్తోనే పెట్టినానే" అన్నాడు. డబ్బా చెత్తబుట్టలో పడేసి, తాలింపు గిన్నె రెండుసార్లు తోమాడు. అంత బాధపడిన మనిషి కూడా మామాకు చెబుదామంటే మాత్రం ఒప్పుకోలేదు.

రంజాన్ మొదటి రోజు జరీష్. వెంకటేశ్వరి గరిటె కొసన మెతుకంత తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు చూసి, సింకులో ఊసి, నోరు పుక్కిలించింది. ఏమీ కాలేదు. రెండో రోజూ అంతే. మింగడంలేదు కదా అని ధైర్యం వచ్చింది. నాలుగో రోజు సాయంత్రం ఇఫ్తారుకు అందరూ ఖర్జూరాలు చేతిలోకి తీసుకున్న వేళకు ఆమె బాత్రూంలో గోడ పట్టుకుని వంగి ఉంది. వాంతి ఆగాక విరేచనాలు. తర్వాత ఎముకల్లో ఏదో పిండినట్టు ఒళ్ళంతా నొప్పి.

మరునాడు రేష్మా డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"ఎంత పడింది నోట్లో?"

"చెంచా కొసనమ్మా. ఊసేస్తాండా."

"రోజూనా?"

"రోజూ మూడు గిన్నెలుంటాయమ్మా."

 డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "చూడు వెంకటేశ్వరీ, పొరపాటున ఒకరోజు పడిందనుకో, అది వేరే. నీళ్ళు, ఓఆర్ఎస్ తాగుతావు, పడుకుంటావు, ఏం తిన్నందుకు పడిందో గుర్తుపెట్టుకుంటావు, మర్నాటి నుంచి మళ్ళీ జాగ్రత్తగా ఉంటావు. ఎలాగూ చెడింది కదా అని ఇంకొంచెం తినకూడదు, అంతే. కానీ రోజూ పడితే పొరపాటు కాదు అది. ఊసినా కొంత లోపలికి పోతుంది. పేగు మానదు. పేగు మానకపోతే రక్తం పట్టదు, ఎముకలు గుల్లబారతాయి. నువ్వు బిడ్డ కావాలంటున్నావు, అదీ కష్టమే. ఎక్కడో కొందరికి ఏళ్ళ తర్వాత పేగులో క్యాన్సర్ కూడా వస్తుంది. నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు. కొందరికి వాంతులు కూడా రావు. కడుపు బాగానే ఉందనుకుంటారు, లోపల చెడుతూనే ఉంటుంది. నీకు తెలుస్తున్నందుకు ఒక రకంగా నయమే."

ఆ రోజు నుంచి ఉప్పు చూడటం మానేసింది. ఆరేళ్ళ చెయ్యి, అంచనాగా వేస్తే చాలదా అనుకుంది. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు మామా అక్క, ఆమె కోడళ్ళు ఇఫ్తారుకు వచ్చారు. హరీస్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న అక్క, పక్కన ఉన్న నీళ్ళ గ్లాసు అందుకుంది. కోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండుసార్లు ఉప్పు పడింది. ఎప్పుడు పడిందో వెంకటేశ్వరికే గుర్తులేదు.

చుట్టాలు పోయాక మామా వంటింట్లోకి వచ్చి అరబ్బీలో అడిగింది. "ఇష్రీ, నువ్వు చూడలేదా?"

"చూశాను మామా."

"చూస్తే ఇలా ఎందుకుంది?"

వెంకటేశ్వరి మిగిలిన హరీస్ గిన్నెను సింకు దగ్గరికి జరిపింది. మామా కోపంగా లేదు. ఆమె కోపపడి ఉంటే బాగుండేది అనిపించింది.

మరునాడు మధ్యాహ్నం పిల్లలు బడి నుంచి వచ్చి నిద్రపోయిన తర్వాత అమీనా బీని పట్టుకుంది. అమీనా బీకి యాభై ఏళ్ళు. అయిదు పూటలా నమాజు తప్పదు. పిల్లలకు ఖురాన్ సూరాలు నేర్పేది ఆమే.

"అక్కా, నాకు నువ్వు ఉప్పు చూసి పెడతావా?"

అమీనా బీ ఉలిక్కిపడింది. "రోజా ఉండాను గదమ్మే! నా రోజా తీసుకొచ్చి నీ గిన్నెలో కలపమంటావా?"

"మింగొద్దులేక్కా. నాలిక కొసన పెట్టి ఊసెయ్."

"యా అల్లా! నా తోన కాదు."

వెంకటేశ్వరి మళ్ళీ అడగలేదు. కానీ అమీనా బీ ఆ రాత్రి బ్నీద్ అల్ గార్‌లో ఉండే తమ్ముడు నూర్ బాషాకు ఫోన్ చేసి, వాళ్ళ మసీదులో మౌల్వీ సాబును అడిగించింది. అవసరం ఉంటే నాలుక కొసతో చూడొచ్చు, మింగకుండా ఊసేయాలి, రోజా పోదు అని ఆయన చెప్పాడట. పొద్దున్నే వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"యాడుండాది గరిటె? నీది అవసరమే గదా."

అట్లా పన్నెండు రోజులు జరిగింది. అమీనా బీ నాలుక రాయచోటి నాలుక. మామా ఇంటి ఉప్పు ఆమెకు ఎప్పుడూ చప్పగానే ఉంటుంది. "రోంత చప్పగుండాది" అంటే సరిపోయినట్టు, "బాగుండాది" అంటే ఎక్కువైనట్టు అని వెంకటేశ్వరి లెక్క కట్టుకుంది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. వెంకటేశ్వరి కడుపు కుదుటపడింది. మామా కూడా మళ్ళీ ఇష్రీ చేతి వంట అని మెచ్చుకుంది. ఆ మెప్పు మింగుడుపడలేదు గానీ ఊరట మాత్రం కలిగింది.

పండగకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయనగా, సాయంత్రం నాలుగు గంటలకు మామా నిద్రలేచి, చెప్పులు లేకుండా వంటింట్లోకి వచ్చింది. అడుగుల చప్పుడు వినిపించలేదు. అమీనా బీ నోట్లో చెంచా ఉంది. మామాను చూసి కంగారులో చెంచా కింద పడేసి, సింకు మీదికి వంగి ఊసింది. ఆ కంగారే కొంప ముంచింది.

"అమీనా" అంది మామా. గొంతు పెరగలేదు. "నువ్వు రోజా ఉండటంలేదా?"

"ఉన్నాను మామా. ఉప్పు చూశాను. మింగలేదు."

"ఉప్పు చూడటానికి ఇష్రీ లేదా? ఆమెకు రోజా లేదు కదా. ఆమె ఇక్కడే నిలబడి ఉంటే నువ్వెందుకు చూడాలి?"

అమీనా బీ వెంకటేశ్వరి వైపు చూడలేదు. చూస్తే మామా కనిపెడుతుందని కాబోలు, నేలమీది చెంచానే చూస్తూ ఉండిపోయింది. మామా మళ్ళీ అడిగింది. అప్పుడు అమీనా బీ అన్నది.

"ఆకలేసింది మామా."

 ముప్పై ఏళ్ళుగా ఒక్క రోజా వదలని మనిషి. జ్వరంతో మూలుగుతూ కూడా ఉండింది. ఆ మనిషి తన నోటితో తానే ఆకలికి ఓడిపోయానని చెబుతోంది, అదీ మామా ముందు.

మామా ముఖం పాలిపోయింది. "నా పిల్లలకు నమాజు నేర్పేది నువ్వు. ఒంట్లో బాగాలేదంటే నేనే తినమని చెప్పేదాన్ని. దొంగతనంగా ఎందుకు?"

"మామా" అంది వెంకటేశ్వరి. పెంచల్ మాట గుర్తుకొచ్చింది. ఇద్దరినీ పంపించేస్తారు. అయినా నోరు ఆగలేదు. "మామా, ఆమె అబద్ధం చెబుతోంది. ఆకలి కాదు. నేనే అడిగాను. నేను గోధుమ నోట్లో పెట్టుకోకూడదు. నాకు జబ్బు."

ఆరేళ్ళలో నేర్చుకున్న అరబ్బీ వంటకూ, ఉతుకుడికీ, పిల్లల బడికీ సరిపోతుంది. పేగు అనే మాట అందులో లేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, రొట్టె చూపించి, వేళ్ళతో గీరినట్టు చేసి చెప్పింది. మూడో నెలలో పోయిన ఇద్దరు బిడ్డల సంగతి చెప్పడానికి వేళ్ళు రెండు చూపించింది. అప్పటికి ఆమెకు ఏడుపు వచ్చేసింది. మామా ఒక అడుగు వెనక్కి వేసింది.

"పిల్లలకు అంటుతుందా?"

"అంటదు మామా. ఒట్టు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరు నెలలైంది తెలిసి."

మామా పొయ్యి ఆపేసింది. "ఇష్రీ, నువ్వు గదికి పో. నేను పిలిచేదాకా వంటింట్లోకి రాకు." తర్వాత అమీనా బీ వైపు తిరిగి, ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో వెంకటేశ్వరికి వినిపించలేదు. అమీనా బీ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

పెంచల్ తిట్టలేదు. ఇఫ్తారుకు కారులో మామా భర్తను తీసుకొచ్చి దించాక గదిలోకి వచ్చి, సంగతి విని, మంచం కింద నుంచి పెట్టె లాగి దుమ్ము తుడిచాడు. "సర్దుకో. ఏమైతేనేం, ఇద్దరం ఒకే విమానం" అన్నాడు.

"అమీనక్కను దొంగ అంటాంటే నేను చూస్తా నిలబడాల్నా?"

"నిలబడాల్సింది" అని, కాసేపటికి "వద్దులే, నిలబడ్డా మాత్రం నిద్ర పట్టదు నీకు" అన్నాడు.

రెండు రోజులు ఎవరూ పిలవలేదు. వంటింట్లో మామా, అమీనా బీ చేసుకుంటున్నారు. కిటికీలోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తుంటే వెంకటేశ్వరికి ఏం చేయాలో తోచలేదు. మూడో రోజు మామా కాగితాలు అడిగి పంపింది. తిరుపతి రిపోర్టులు, క్లినిక్ చీటీలు అన్నీ పెంచల్ తీసుకెళ్ళి ఇచ్చాడు. సాయంత్రం మామా తనే గది దాకా వచ్చింది. డ్రైవరు గదిలోకి ఆమె ఎన్నడూ అడుగుపెట్టలేదు. గుమ్మంలో నిలబడి చిన్న కుక్కరును, రాగిపిండి డబ్బాను చూసింది.

"నా కూతురు చదివి చెప్పింది. ఆరేళ్ళు నీకు రొట్టె పెట్టింది నేను" అంది. "పొద్దున పెట్టేదాన్ని, రాత్రి పెట్టేదాన్ని. ఆ రోజు కారులో నీ తల నా ఒళ్ళో ఉంది. అది కూడా నా ఇంటి రొట్టె వల్లేనా?"

"తెలియదు మామా. కావచ్చు అన్నారు, కాకపోవచ్చు అన్నారు."

"నీకు తెలిసిన తర్వాత నాకెందుకు చెప్పలేదు? నీ దృష్టిలో నేను అంత రాయినా?"

వెంకటేశ్వరి నేల చూసింది. కాదని చెబితే ఆరు నెలల మౌనానికి అర్థం లేదు. అవునని చెప్పడానికి నోరు రాదు. మామా కొంతసేపు ఎదురుచూసి, తను నిర్ణయించుకున్నది చెప్పింది. పంపించదు. కానీ పిండి గాలిలో లేచే ఆ వంటింట్లో ఇక ఆమెను ఉంచదు. పండగలోపే కొత్త వంటమనిషి వస్తుంది. వెంకటేశ్వరి పైకి పోయి ముసలమ్మను చూసుకోవాలి.

పెంచల్ పెట్టెను మళ్ళీ మంచం కిందికి తోశాడు. పండగ తెచ్చినంత సంబరం అతని ముఖంలో. వెంకటేశ్వరికి ఊపిరి ఆడింది గానీ, ఆ ఊపిరి వెనకే ఏదో కోల్పోయిన బాధ వచ్చి కూర్చుంది. పండగ నాడు ఇంటికి వచ్చిన చుట్టాల ముందు ఇష్రీ నాలుక గురించి మామా ఏమీ అనలేదు. కొత్తామెను పరిచయం చేసింది.

పండగ దాటిన వారానికి క్లినిక్‌కు వెళ్ళారు. ఎప్పుడూ బయట కారులో కూర్చునే పెంచల్ ఈసారి లోపలికి వచ్చాడు. గోధుమ ఒంట్లో ఎంత చెడుపు చేస్తోందో రక్తంలో చూసే లెక్క తిరుపతిలో నూటికి పైన ఉండింది. జనవరిలో అరవైకి దిగింది. ఇప్పుడు యాభై ఆరు.

"పది లోపు రావాలి" అంది రేష్మా డాక్టరమ్మ. "రంజాన్ మొదట్లో జరిగినదాని వల్ల ఇంత నెమ్మదిగా ఉంది అనుకుంటున్నా." తర్వాత ఎముకల స్కాన్ కాగితం తిప్పి చూపించింది. "నీకు ముప్పై నాలుగు. ఈ నడుము ఎముకలు అరవై ఏళ్ళ మనిషివి లాగున్నాయి. కాల్షియం, విటమిన్ డి మానకూడదు. బరువులు ఎత్తొద్దు, పడొద్దు."

"బిడ్డ..." అన్నాడు పెంచల్.

"ఒక ఏడాది ఆగండి. ముందు పేగు మానాలి. మానితే చాలామందికి బిడ్డలు నిలుస్తారు. ఖాయంగా అని నేను చెప్పలేను."

పెంచల్ తల ఊపాడు. కారులో గల్ఫ్ రోడ్డు వెంట వస్తుంటే, "అరవై ఏళ్ళ ఎముకలంట" అని తనలో తాను అనుకున్నట్టు రెండుసార్లు అన్నాడు.  కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆమె చెయ్యి తీసుకుని మణికట్టు ఎముకను బొటనవేలితో తడిమి చూశాడు, అది ఇంకా గట్టిగా ఉందో లేదో తెలుసుకుందామన్నట్టు.

పై అంతస్తులో పని బరువుది కాదు. ముసలమ్మకు స్నానం చేయించడం, మందులు వేయడం, జుట్టు దువ్వడం. మనిషి మంచిది. మతిమరుపు వచ్చింది గానీ ప్రేమ పోలేదు. తన కంచంలోది పక్కవాళ్ళకు పెట్టకుండా తినలేదు. పులుసులో నానిన రొట్టెముక్క చేతిలోకి తీసుకుని, "తిను బిడ్డా, చిక్కిపోయావు" అనేది. వెంకటేశ్వరి వద్దనేది. ఎందుకో చెప్పేది. ముసలమ్మ అయ్యో అనేది. మరునాటికి మరిచిపోయేది, మళ్ళీ ముక్క అందించేది. మళ్ళీ వద్దంటే, ఆరోజు పెద్దామె చేతి ముద్ద కాదన్నందుకు అలిగి ముఖం తిప్పుకునేది. ఆ అలక కూడా మరునాటికి గుర్తుండేది కాదు. గుర్తుండేది వెంకటేశ్వరికే.

మే నెలలో ఒక మధ్యాహ్నం ముసలమ్మ ముఖం తుడవడానికి ఆమె వంగింది. ఏదో అడగబోయి నోరు తెరిచింది. ముసలమ్మ పసిబిడ్డకు పెట్టినట్టు చటుక్కున తడిరొట్టె ముద్ద ఆమె నోట్లో పెట్టేసి, చేత్తో మూతి మూసి నవ్వింది. ఆ నవ్వు ముందు ఊసేయడానికి అరక్షణం వెనకాడింది వెంకటేశ్వరి. ఆ అరక్షణంలో సగం గొంతు దిగిపోయింది.

బాత్రూంలోకి పోయి నోరు కడుక్కుంది. గొంతులో వేలు పెట్టుకోబోయి, దాని వల్ల లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చి ఆగింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. చీటీ మీద తేదీ, వేళ, ముద్ద ఎంతో రాసుకుంది. వాంతులు గంట తర్వాత గానీ మొదలు కావు. ఆ గంటలో ముసలమ్మకు మందులు వేసి, పడుకోబెట్టి, దుప్పటి సర్ది కిందికి దిగింది.

వెనకటి వెంకటేశ్వరి అయితే కడుపు పట్టుకుని పని చేసుకుంటూ పోయేది. ఈసారి నేరుగా హాల్లోకి పోయి, సోఫాలో ఫోన్ చూసుకుంటున్న మామా ముందు నిలబడింది.

"మామా, నాకు ఇవాళ రొట్టె పడింది. అమ్మగారు తెలియక పెట్టారు. రెండు రోజులు లేవలేను."

మామా ఫోన్ లోంచి తల ఎత్తింది. "మళ్ళీనా?" అంది.

తిట్టలేదు. సరే పో, పడుకో, అమీనాను పైకి పంపుతాను అని కూడా అంది. మళ్ళీనా అన్న మాట మాత్రం వెంకటేశ్వరి వెంటే గది దాకా వచ్చింది. జాగ్రత్తగా ఉన్నా ఇట్లాంటివి పడుతూనే ఉంటాయి, ఏడాదిలో రెండు మూడుసార్లు అని డాక్టరమ్మ ముందే చెప్పింది. అంటే ఎన్నేళ్ళు ఈ ఇంట్లో ఉంటే అన్నేళ్ళు, రెండు మూడుసార్లు, ఇట్లా వచ్చి నిలబడాలి. మామా ఎన్నిసార్లు సరే అంటుందో తెలియదు.

అమీనా బీ ఓఆర్ఎస్ కలిపిన సీసా తెచ్చి మంచం పక్కన పెట్టింది. "పడుకోమ్మే. ముసలామెను నేను చూసుకుంటా" అని తలుపు దగ్గరికి వేసి పోయింది. వెంకటేశ్వరి మూత తీసి గుక్కగుక్కగా తాగింది. కడుపులో మొదటి మెలిక తిరిగింది. కాళ్ళు ముడుచుకుని, గోడవైపు తిరిగి, అది దాటిపోయేదాకా కళ్ళు మూసుకుంది.